పచ్చజెండా ఎత్తని చెయ్యి

"నాన్న చేతికి ఏ జబ్బూ లేదట!"

చిన్నారావు సైకిలు గేటు బయటే పడేసి, చేతిలో గోధుమరంగు కవరు ఊపుకుంటూ ఆ మాట అనేసరికి గంగాభవాని కోరుతున్న కొబ్బరిచిప్ప చేతిలోంచి జారి గుమ్మందాకా దొర్లిపోయింది. పెళ్ళయి మూడు నెలల పదకొండు రోజులు. మొగుడు పరుగెత్తుకుంటూ ఇంటికి రావడం ఎప్పుడు చూసినా ఆమెకు లోపల చక్కిలిగింత పెట్టినట్టే ఉంటుంది. ఈసారి మంచి కబురు కూడా మోసుకొచ్చాడు కాబట్టి మామూలుకంటే రెండింతలు అందంగా కనిపించాడు.

"బిలాస్‌పూర్ రైల్వే డాక్టర్లు రాశారు. ఎముక బాగుంది, నరం బాగుంది, కండ బాగుంది. బిల్కుల్ ఠీక్!"

అత్తగారు వరహాలమ్మ వంటింట్లోంచి వచ్చి దేవుడి పటానికి దండం పెట్టింది. పెట్టిన చేతులు దించకుండానే ఏడవడం మొదలుపెట్టింది.

"ఇదేటే, మంచి కబురికి ఏడుత్తావు?" అన్నాడు వసారాలో మడతకుర్చీలో కూర్చున్న మామగారు దానయ్య.

"జబ్బుంటే మందుంటాది. జబ్బే లేదంతే మందేటియ్యాల మరి?"

చిన్నారావు కవరు మడిచి జేబులో పెట్టుకుని, దొర్లిపోయిన కొబ్బరిచిప్ప తెచ్చి పెళ్ళాం చేతికిచ్చాడు.

దానయ్య విజయనగరం పక్కనుంచి పదిహేడో ఏట రాయపూర్ వచ్చి రైల్లో చేరినవాడు. పదహారేళ్ళుగా ధమ్తరి పోయే చిన్నబండికి గార్డు. ఆ బండి పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. కొత్తకోడలిగా వచ్చి మొదటిసారి దాన్ని చూసినప్పుడు భవానికి ఇంటికి తోలుకుపోయి పెరట్లో కట్టేసుకోవాలనిపించింది. పెళ్ళయిన వారానికి మొగుడూ ఆమే ఆ బండెక్కి, అభన్‌పూర్‌లో మారి, రాజిమ్ దాకా పోయి నది చూసి వచ్చారు. దారిలో ప్రతి స్టేషన్ పేరూ ఆమె గట్టిగా చదివింది, చిన్నారావు సిగ్గుపడ్డాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం తెలిబాంధా స్టేషన్లో ఆ బండి కదలబోతుండగా దానయ్య ఈల ఊదాడు, పచ్చజెండా విప్పాడు. చెయ్యి నడుము దగ్గరే ఉండిపోయింది. డ్రైవరు వెనక్కి చూశాడు, కూత వేశాడు, మళ్ళీ చూశాడు. దానయ్య జెండా ఎడమచేతికి మార్చుకున్నాడు. అదీ లేవలేదు. ఎర్రజెండా అయితే ఏ చేత్తోనైనా తాటిచెట్టంత ఎత్తు లేస్తుంది. పచ్చది పట్టుకుంటే ఏ చెయ్యీ లేవదు. ఇలా మూడుసార్లు జరిగాక అరవై రోజులు సెలవు పెట్టించారు. సెలవు పూర్తయ్యేలోగా చెయ్యి లేస్తే సరే, లేకపోతే బండి దిగి గేటు దగ్గర టిక్కెట్లు తీసుకునే పని. ఇప్పటికే ఇరవై రోజులు గడిచాయి.

"గేటుకాడ నిలబడితే ఎళ్ళిపోయే బండిని రోజూ సూడాల," అనేవాడు దానయ్య. "పదారేళ్ళు ఎళ్ళిపోయే బండిలో నానున్నాను. ఇప్పుడది నన్నొగ్గేసి ఎళ్ళిపోతే సూత్తా నిలబడమంతారేటి?"

ఆ రాత్రి భోజనాల దగ్గర భవాని గొంతు సవరించుకుంది. కాలేజీలో ఆమె బి.ఎ. తత్వశాస్త్రంతో చదివింది. అందులో మనసు గురించి ఒక పేపరు ఉండేది, ఆ పేపర్లో ఆమెకే మొదటి మార్కు.

"అత్తమ్మా, మావయ్యగారు నిన్న పచ్చ దుప్పటి తీగమీద ఆరేశారు. చెయ్యి తలమీదకి లేచింది. పచ్చ రంగుతో ఇబ్బంది లేదు, చేతితో ఇబ్బంది లేదు. బండిని పొమ్మనడం దగ్గరే వస్తోంది. ఇది చేతిలో లేదు, మనసులో ఉంది."

దానయ్య కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "అయితే నాను పిచ్చోణ్ణంతావా అమ్మా?"

"అయ్యో, కాదు మావయ్యగారూ! మనసు ఏదో దాచిపెట్టుకుని చేతితో చెప్పిస్తుందన్నమాట. దాన్ని మాటలతో బయటికి తీసే వైద్యం ఉంది. మా లెక్చరర్ చెప్పారు. కలకత్తాలో నేర్చుకున్నవాళ్ళున్నారట."

"కలకత్తా దాకా ఎందుకు?" అన్నాడు చిన్నారావు. అతను పార్సిల్ ఆఫీసులో గుమస్తా. "బూఢాపారాలో బాగ్చీబాబు అని ఒక ముసలి డాక్టరున్నాడు. నెలనెలా కలకత్తా నుంచి ఆయనకి పుస్తకాల పెట్టె వస్తుంది. అన్నీ మనసు పుస్తకాలే. పెట్టె పగిలినప్పుడు చూశాను."

భవాని మొగుడివైపు చూసిన చూపుకు అతను మజ్జిగ బదులు నీళ్ళు పోసుకున్నాడు.

*

అనాది బాగ్చీ డాక్టరు కలకత్తాలో ముప్ఫయ్యేళ్ళు వైద్యం చేసి, పని మానుకుని చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. నోట్లో ఎప్పుడూ పాన్. అంతా విని, భవానితో ఇంగ్లీషులో అన్నాడు:

"నా వైద్యానికి ఏళ్ళు పడుతుందమ్మా. మీరు నలభై రోజులంటున్నారు. సరే, చూద్దాం. ముందే చెబుతున్నాను, విరిగిన ఎముక నా చేతిలో లేదు. మోకాలి నొప్పి నా చేతిలో లేదు. మనసు తనకి తానే దాచుకున్నది ఉంటే దాన్ని వెతకగలను. అంతే."

వరహాలమ్మ ఒక కాగితం రాయించి పంపింది. గురక, నశ్యం, మోకాలి నొప్పి, కూరలో ఉప్పు ఎక్కువ వేయించుకోవడం, పిలిస్తే పలకకపోవడం: అన్నీ కుదర్చాలట.

"ఇంజన్ని సెడ్డుకి పంపినట్టు అన్ని రిపేర్లూ ఒకేసారి రాసింది సూడు," అన్నాడు దానయ్య.

డాక్టరు కాగితం చదివించుకుని గట్టిగా నవ్వాడు. "నశ్యం సంగతి నన్నడగకండి. నలభై ఏళ్ళుగా నా పాన్ నేనే మాన్పించుకోలేకపోయాను."

మొదట్లో హిందీలో జరిగింది. మంచం మీద పడుకుని, మనసులో ఏది వస్తే అది, మంచీ చెడూ చూడకుండా చెప్పేయాలి. దానయ్య హిందీ అంతా డ్యూటీలో నేర్చుకున్నది. అందుచేత మనసులోంచి డ్యూటీయే వచ్చింది. ఎనిమిదీ నలభైకి బయలుదేరడం, బ్రేకు వాక్యూమ్ సరిగ్గా ఉండటం, ఒక మేక టిక్కెట్టు లేకుండా ఎక్కడం. మూడు రోజులు విని డాక్టరు భవానికి కబురు పెట్టాడు: ఈయన కలలు ఏ భాషలో వస్తాయో ఆ భాషలో మాట్లాడాలి, ఆ భాష నాకు రాదు, నువ్వు కూర్చుని చెప్పాలి.

ఇంట్లో పెద్ద గొడవయింది.

"కోడలి ముందర కాళ్ళు సాపుకుని తొంగుంతానా? సచ్చినా తొంగోను!"

చివరికి వరహాలమ్మ తన పాతచీర ఇచ్చింది. డాక్టరు గదిలో దాన్ని అడ్డంగా కట్టారు. చీరకి ఇవతల భవాని, అవతల దానయ్య. అయినా ఆయన పడుకోలేదు. కుర్చీ వెనక్కి తిప్పుకుని, కిటికీవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. గార్డు పెట్టెలో వెనక్కి పోయే పట్టాలు చూస్తూ కూర్చోవడం అలవాటు కదా. డాక్టరు కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. "కలకత్తాలో మా గురువులు చూస్తే నన్ను వెలివేస్తారు," అన్నాడు.

తెలుగులో పడేసరికి దానయ్య మనసు గేటు తీసిన పశువులపాకలా అయింది. చిన్నప్పుడు చెరువులో మునగబోయిన సంగతి, మేనత్త జంతికలు, పెళ్ళినాడు వరహాలమ్మ కట్టుకున్న చీర రంగు, అన్నీ వచ్చాయి. భవాని చీర వెనకనుంచి ఒక్కో వాక్యమూ ఇంగ్లీషులో చెప్పేది. పెళ్ళిచీర సంగతి చెప్పేటప్పుడు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వు వచ్చింది. అత్తగారు ఇరవై ఏడేళ్ళుగా ఎర్రచీర అని చెబుతోంది, ఈయన వంకాయ రంగు అంటున్నాడు.

మూడోరోజు దానయ్య అన్నాడు: "మా కోడలు మంచి పిల్ల. ఇల్లంతా గలగలలాడతా ఉంతాది. సారు మాత్రం గిన్నెలు కడిగిన నీలల్లే కాత్తాది."

చీర వెనక గాజులు ఒక్కసారి గలగలమన్నాయి.

"ఏమన్నారు?" అన్నాడు డాక్టరు.

మనసులో వచ్చిందేదీ దాచకూడదని కదా ఒప్పందం. చెప్పేవాడికి దాచే హక్కు లేకపోతే భాష మార్చి చెప్పేదానికి ఎక్కడిది? భవాని ఊపిరి పీల్చుకుని మొత్తం చెప్పింది, గిన్నెలు కడిగిన నీళ్ళతో సహా.

ఆ సాయంత్రం చారులో చింతపండు రెట్టింపయింది, మిరియాలు దంచి పడ్డాయి. దానయ్య రెండుసార్లు పోయించుకున్నాడు. మర్నాడు కుర్చీలో కూర్చోగానే, "నిన్న సారు బాగుంది. ఈ వైద్యం పనిసేత్తంది," అన్నాడు. ఆ పై రోజు, వంకాయ నూనెలో వేయించి తిని ఎన్నాళ్ళయిందో అని మనసులోకి వచ్చిందన్నాడు. ఆ పై రోజు చేపల పులుసు వచ్చింది.

డాక్టరు చీరవైపు తిరిగి, "అమ్మా, ఇక్కడ విన్నది ఇంట్లో వండకూడదు," అన్నాడు. "ఈయన మనసులోకి వంటిల్లు తప్ప వేరేది రావడం లేదు."

ఇంట్లో చిన్నారావు మాత్రం ఈ వైద్యాన్ని మెచ్చుకున్నాడు. "నాన్న చెయ్యి సంగతేమో కాని, మనందరి పొట్టలూ బాగుపడ్డాయి. నా మనసులోకి కూడా ఒకటి వస్తోంది, చెప్పమంటావా?"

"చెప్పండి."

"జిలేబీ."

"అది వండనక్కర్లేదు, బజారులో కొనుక్కురండి. నా మనసులోకి కూడా అదే వచ్చింది." ఆ సాయంత్రం ఇద్దరూ పెరటి గోడమీద కూర్చుని, ఆకుపొట్లం మధ్యన పెట్టుకుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నారు.

*

సెలవు ఇంకా తొమ్మిది రోజులుంది. చెయ్యి నడుము దగ్గరే ఉంది.

ఆ రోజు డాక్టరు, "కొత్తగా ఏదీ వద్దు. మీ బండి నడపండి. రాయపూర్ నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోండి," అన్నాడు.

దానయ్యకు అది కళ్ళు మూసుకుని చేసే పని. "రాయపూర్ ఎనిమిదీ నలపై. తెలిబాంధా. అక్కడ పాలోళ్ళు దిగుతారు. తరవాత మానా. తరవాత భట్‌గావ్, నీల తొట్టి ఎడం పక్క. తరవాత అభన్‌పూర్..."

భవాని ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ ఆగింది. రాజిమ్ పోయిననాడు ఆమె పేర్లన్నీ గట్టిగా చదివింది కదా. భట్‌గావ్ తర్వాత ఇంకొకటి ఉంది. ప్లాట్‌ఫారం కూడా లేని చోటు, ఒక రేగుచెట్టు, పసుపు బోర్డు. బోర్డు మీద ఒక అక్షరం చెరిగిపోతే అది ఏమిటై ఉంటుందని చిన్నారావుతో పందెం వేసి గెలిచింది కూడా. వారం కింద కూడా మామగారు ఇలాగే అన్ని స్టేషన్లూ చెప్పారు, అప్పుడూ అది రాలేదు.

మధ్యలో మాట్లాడే హక్కు ఆమెకు లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"మావయ్యగారూ, కోసంపాలి?"

"ఏటి?"

"భట్‌గావ్ తర్వాత కోసంపాలి హాల్టు ఉంది కదండీ. మీరు ఎప్పుడూ చెప్పడంలేదు."

డాక్టరు పాన్ నమలడం ఆపాడు. ఏం మాట్లాడుకున్నారో ఆయనకు తెలియదు, కాని కుర్చీలో మనిషి వీపు బిగుసుకోవడం కనిపించింది. చెయ్యి ఎత్తి భవానిని ఆగమన్నాడు.

"కోసంపాలి," అన్నాడు దానయ్య, చాలాసేపటికి. "ఉంది. బుధియారిన్ అని ఒక ముసలామె ఎక్కుతాది అక్కడ. ఆమె కాలు కుంటుతాది. పదారేళ్ళనించి ఆమె కోసం నాను బండాపుతాను. నిమిసం, రెండు నిమిసాలు. ఆ టైము దారిలో కలిపీసుకుంతాం. ఎక్కినాక గార్డు పెట్టెకాడికొచ్చి, ఆకులో ఎండు రేగుపళ్ళు పెట్టిచ్చి, 'జీతే రహో బాబూ' అని దీవిత్తాది."

భవాని మెల్లగా చెబుతూ పోయింది.

"పోయిన మార్చినించీ నా బండి ఒక్క నిమిసం లేటవలేదు. సంవచ్చరం నిండితే నా పేరు నోటీసు బోర్డు మీద రాత్తామన్నారు. కొడుకు పెళ్ళయింది, కోడలు సదువుకున్న పిల్ల, బోర్డు మీద మావ పేరు సదువుతాదనుకున్నాను. మూడు వారాలుంది. ఆ రోజు భట్‌గావ్‌లోనే నిమిసం పోయింది. కోసంపాలిలో ఆమె పొలం గట్టు మీంచి పరిగెత్తుకొత్తంది, నెత్తిమీద గంపతో. కూతురు కురూద్‌లో నీలాడిందని, ఆరోనాడు సొంఠి లడ్లు పట్టికెళ్ళాలని ముందే సెప్పింది నాతోటి. నన్ను సూసి సెయ్యెత్తింది. ఆగు బాబూ అని."

దానయ్య తన కుడిచేతివైపు చూసుకున్నాడు.

"నానూ సెయ్యెత్తాను. పచ్చజెండాతో."

చీర వెనక భవాని కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ రెండు మాటలూ అలాగే చెప్పింది.

"మలుపు తిరిగీదాకా ఆమె సెయ్యి దించలేదు. ఆ మర్నాడు లేదు. ఆ పై మర్నాడు లేదు. మల్లీ నా బండెక్కలేదు. నాలుగోనాడు తెలిబాంధాలో..."

దానయ్య లేచి నిలబడ్డాడు. చీర పక్కకి తోసి కోడలివైపు చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి కాని, మొహంలో ఏదో తేలికపడిన గుర్తు ఉంది. "ఇదంతా నాకు తెల్దా అమ్మా? తెలుసు. మరి ఎక్కడికెళ్ళిపోయిందీ కోసంపాలి?"

డాక్టరు బీరువా మీద రెండు జెండాలు పెట్టుకుని ఉన్నాడు, చిన్నారావు తెచ్చి ఇచ్చినవి. పచ్చది అందించాడు. దానయ్య ఈల ఊదినట్టు పెదాలు పెట్టాడు. చెయ్యి నడుము దాటింది, ఛాతీ దాటింది, భుజం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

భవాని చప్పట్లు కొట్టేసింది.

"భుజం కాడ జెండా అంతే ఏటనుకుంతాడు డ్రైవరు?" అన్నాడు దానయ్య. "తువాలు ఆరేసుకుంతన్నాడనుకుంతాడు. డాక్టరుబాబుని ఇంకో రెండు రోజులు సూడమను. మిగతాది కూడా లేపేమను."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. దానయ్యకు తెలుగులో సరిగ్గా చెప్పమని భవానితో చెప్పి, ఈసారి ఒక్కో మాటా నెమ్మదిగా అన్నాడు:

"మనసు దాచినది బయటికొచ్చింది. నా పని అంతవరకే. చేయని తప్పుకి బాధపడేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. అది చేయలేదని వాళ్ళకి తెలిసేలా చేస్తాను, బాధ పోతుంది. మీరు మాత్రం చేశారు. చిన్నదే, కాని చేశారు. దానికి కలిగే బాధని కూడా నేను పోగొడితే నేను డాక్టర్ని కాదు, నల్లమందు దుకాణం వాణ్ణి. ఆమె ఎందుకు రావడంలేదో మీరు మీ భయాన్ని అడుగుతున్నారు. నేనూ మీ భయాన్నే చూడగలను. ఆమెను చూడలేను. చెయ్యి సగం ఇక్కడ లేచింది. మిగతా సగం కోసంపాలిలో ఉంది."

దానయ్య విన్నాడు. జెండా చుట్టి, కర్రకి తాడు వేసి, బీరువామీద పెట్టాడు. డాక్టరుకు నమస్కారం చేశాడు.

"బాబుగోరూ, మోకాలి నొప్పి?" అని మోకాలు తట్టి చూపించాడు.

"నా చేతిలో లేదని ముందే చెప్పాను కదా."

"మంచోడు," అన్నాడు దానయ్య కోడలితో, మెట్లు దిగుతూ. "సేతకానిది సేతకాదని సెప్పీ డాక్టర్ని నానిప్పుడే సూడ్డం."

*

ఇంటికి వచ్చాక భవాని అత్తగారిని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ విన్నది ఇంట్లో వండకూడదని డాక్టరు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. అందుకని సంగతేమీ చెప్పలేదు.

"అత్తమ్మా, సొంఠి లడ్లు ఎలా చేస్తారండీ?"

వరహాలమ్మ కోడలి మొహంవైపు చూసింది, కడుపువైపు చూసింది, మళ్ళీ మొహంవైపు చూసింది. "ఒలమ్మ! అప్పుడేనా? ఎన్నో నెలే?"

"అయ్యో, నాకు కాదండీ!" అంది భవాని చెవులదాకా ఎర్రబడి.

సరిగ్గా అప్పుడే చిన్నారావు డ్యూటీనుంచి వచ్చి, ఎవరికి కాదో, ఏది కాదో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు. వెనకనుంచి దానయ్య వచ్చాడు. నాలుగైదు మాటల్లో తనే అంతా చెప్పేశాడు, భుజందాకా లేచిన చెయ్యి కూడా చూపించాడు. వరహాలమ్మ విని, కొంగు బొడ్లో దోపింది.

"పదారేళ్ళు రేగుపళ్ళు తిన్నావు. నాకొక్కటి పెట్టావా? ఎవులిచ్చేరో సెప్పావా? సొంఠి నూరవే భవానీ. బెల్లం నాను సూత్తాను."

"ఎళ్ళీసరికి ఆమె తిడితే?" అన్నాడు దానయ్య.

"తిడితే తిట్టించుకో. నానొక్కదాన్నే తిట్టాలేటి?"

పొయ్యిమీద నెయ్యి కాగింది, బెల్లం పాకం ఘాటు వసారాదాకా వచ్చింది. భవాని చేతులకు అంటుకున్న సొంఠి పొడి చూసుకుని, చిన్నారావు ముక్కుకి కొంచెం రాసింది. అతను తుమ్మాడు. దానయ్య మడతకుర్చీలో కూర్చుని గార్డు గడియారానికి కీ ఇచ్చాడు. సెలవు పెట్టిన తర్వాత దానికి కీ ఇవ్వడం ఇదే మొదటిసారి.

"ఇనండి," అన్నాడు. "రేపు ఎనిమిదీ నలపై బండికి కోసంపాలి ఎళ్తన్నాం. నలుగురం. పాసు వద్దు, టిక్కెట్లు కొనుక్కుని పేసింజర్లలాగే ఎళ్దాం. అడిగి ఆమె ఇల్లు కనుక్కుందాం. కూతురుకాడ కురూద్‌లో ఉందంతే అటే ఎళ్దాం. సిన్నా, నువ్వు ఛుట్టీ పెట్టు. ఎనిమిదింపావుకల్లా స్టేషన్లో ఉండాల. ఎవులు లేటయినా బండి..."

మాట అక్కడ ఆగిపోయింది. లడ్డూ చుడుతున్న వరహాలమ్మ తలెత్తింది.

"...ఎవులు లేటయినా పరవాలేదు," అన్నాడు దానయ్య. "ఇప్పుడా బండి గార్డు రామమూర్తి, నాకాడ పని నేర్సుకున్నోడే. ఓ రెండు నిమిసాలు ఆపమని రేపు నాను సెప్తాను."